ఎర్ర పిడి, పసుపు పిడి

వేసవిలో రాళ్లను తూకం వేస్తాను.
పదహారు రాళ్లు, ఒకే కొండ కన్న గ్రానైటు.
ఒక్కొక్కటి పంతొమ్మిది కిలోలు,
చిటికెడు ఉప్పంత అటూ ఇటూ.
పిడి ఊడదీస్తే
ఏది ఏ జట్టుదో వాటికే తెలీదు.

కలీనాలో జనవరి అంటే
ఉమ్మి నేలను చేరేలోపు గట్టిపడే నెల.
ధాన్యపు గిడ్డంగులు రెండు,
ఉల్లిగడ్డ గుమ్మటంతో చర్చి ఒకటి,
మిగిలిందంతా ఆకాశం.
సాయంత్రం ఆరుకల్లా ఊరు ఊరంతా
నా రేకుల షెడ్డులోకి వచ్చి కూచుంటుంది.
అప్పటికే నేను వీపుకు తొట్టి కట్టుకుని
వెనక్కి వెనక్కి నడుస్తూ
ఐసు మీద గోరువెచ్చని చినుకులు చల్లి ఉంటాను.
పడ్డ చినుకు ఆవగింజై బిగుసుకుంటుంది.
ఆ ఆవగింజల మీదే రాయి జారాలి.

డార్కాది ఎర్ర జట్టు. ఒరీసియాది పసుపు.
ఒక తల్లి పిల్లలే.
తండ్రి పోయాక ఉత్తరపు పొలం అమ్మకానికి
ముందు సంతకం ఎవరు పెట్టారని
పదకొండేళ్లుగా మాటల్లేవు.
'అదే ముందు' అంటుంది ఒకతె,
నా టీ బల్ల దగ్గర.
'కాదు, అదే' అంటుంది రెండోది,
అదే బల్ల దగ్గర, మర్నాడు.
నేను టీ పోస్తాను.
రాళ్ల సంగతి తప్ప నాకేమీ తెలీదు.

రాళ్ల సంగతి ఇదీ:
వృత్తం నడుమ పసుపు రాయి కూచుని ఉంటుంది.
ఎర్రది వస్తుంది, సూటిగా, ముక్కుకు ముక్కు.
టక్.
రెప్పపాటును వంద ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్క సేపు
రెండూ ఒకదాన్నొకటి తాకి ఉంటాయి.
బేరమంతా ఆ ముక్కలోనే.
వచ్చినదాని పరుగు కూచున్నదానికి పోతుంది.
చప్పుడు కాస్త తరుగు తీస్తుంది,
ఎర్రది బెత్తెడు పాకి ఆగుతుంది.
రెంటి ద్రవ్యవేగమూ కలిపి చూస్తే మాత్రం
దమ్మిడీ తేడా రాదు.

చూసేవాళ్లు 'ఎర్రది కొట్టింది' అంటారు.
ఆ రాయిని ఒళ్లో పెట్టుకుని
వేలితో తడిమేవాణ్ణి నేను.
కొట్టినదాని నడుం పట్టీ మీదా
దెబ్బ తిన్నదాని మీదా ఒకటే గరుకు.
ఎంత తోసిందో అంతా తిన్నది.
తిలాపాపం తలా పిడికెడు.
ముందు ఎవరు కదిలారని
బలం అడగదు.

పోయిన గురువారం, ఆఖరి దఫా.
డార్కా తన రాయి ముందు చీపురుతో రుద్దుతూ
తల వంచుకుని పరుగు.
ఒరీసియా వృత్తం వెనక నిలబడి
రాయినే చూస్తోంది, మనిషిని కాదు.
భుజానికి భుజం.

రాళ్లయితే ఒకటి ఆగేది, ఒకటి పోయేది.
వీళ్లు పడిపోకుండా
ఒకరి కోటును ఒకరు గుప్పిట పట్టేశారు.
పాత ఉన్ని కోట్లు, అమ్మ కుట్టినవి,
ఇద్దరికీ ఎప్పుడూ ఒకే కొలత, ఒకే బరువు.
ఆ ఉన్ని అణిగి దెబ్బను కాస్త సాగదీసింది,
లేకపోతే ఎముకే పోయేది.
డార్కా తెచ్చిన వేగాన్ని చెరిసగం పంచుకుని
ఇద్దరూ ఒకే ముద్దగా
గోడ దాకా జారారు.

గోడ దగ్గర గుప్పిళ్లు వదిలారు.
'అడ్డం నిలబడ్డావు.'
'నువ్వే గుద్దావు.'
పదకొండేళ్లకి ఆ రెండు మాటలు.
తర్వాత చీపుర్లు వెతుక్కున్నారు.

మర్నాడు పొద్దున డార్కా
నా బల్ల దగ్గర ఎడమ భుజం చూపించింది,
బీట్‌రూట్ చెక్కంత కమిలింది.
సాయంత్రం ఒరీసియా వచ్చింది.
ఆమెకూ బీట్‌రూట్ చెక్కంత, కుడి భుజాన.
పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.
టీ పోశాను.

ఇంకొకటి ఉంది, ఎవరూ గమనించలేదు.
జనం గోడ వైపు చూస్తుండగా
డార్కా రాయి చేరి కొట్టింది, సరిగ్గా.
పసుపుది పోయింది. ఎర్రది నిలిచింది.
పరుగంతా ఇచ్చేసింది గానీ
విసిరిన చేయి పెట్టిన మెలిక ఇవ్వలేదు.
వృత్తం నడుమ, ఉన్నచోటే,
దాని పిడి మెల్లగా
తలుపు వైపు, గోడ వైపు, నా వైపు
తిరుగుతూనే ఉంది.